నాలుగో గారె

ముదినేపల్లి,
శుక్రవారం.

అచ్యుతరావు బావగారికి నమస్కారమండీ.

ఫోన్ చేస్తే మీ చెల్లాయి ఎత్తుతుందేమోనని భయపడి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని దయచేసి తన కంట పడనివ్వకండి.

మీ గూడెం షాపులో కొన్న ఎలక్ట్రిక్ బండికి ఇంకా పెద్ద మోటారు, దానికి తగ్గ కంట్రోలరు బిగించాలండీ. కొనేటప్పుడు రైలు పట్టాల మీది వంతెన ఎక్కించి చూసి, ఇది చాలనుకున్నాం. మన వరిచేల మధ్య అంతకన్నా ఎత్తు ఏముంది చెప్పండి?

మొన్న ద్వారకాతిరుమల కొండ మీద రెండో మలుపులో బండి ఆగిపోయింది. పాపం, మీ చెల్లాయి దిగి వెనక నుంచి తోసింది. అప్పుడు నేను ఊరుకోకుండా, "నిన్న పేరంటంలో ఆ నాలుగో గారె తినకుండా ఉండాల్సింది" అన్నాను. తను కొండంతా నడిచే ఎక్కి, దర్శనం చేసుకుని, అటునుంచి అటే బస్సులో మీ ఇంటికి వచ్చేసింది.

తప్పెవరిదో తేల్చుకుందామని నిన్న ఒక్కణ్ణే వెళ్లాను. బండి సరిగ్గా అదే మలుపులో ఆగిందండీ. ఈసారి తొయ్యడానికి వెనక ఎవరూ లేరు.

మోటారు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ ఉత్తరాన్ని మీ చెల్లాయి కాఫీ తాగే చోట, మరిచిపోయినట్టు వదిలేయండి.

ఇట్లు,
మీ బావ