యూనిఫాం వేసుకోబోయే తమ్ముడికి

చిరంజీవి రమణకి,

అక్క వరలక్ష్మి దీవించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న చెరుకు నరికించడం అయిందా, లేక ఈ ఏడు కూడా కూలీలు దొరక్క తిరుగుతున్నాడా? మా గుంట అమ్మ కావాలని ఏడవకుండా రోజూ బడికి వెళ్తోందా, లేక నువ్వు బండెక్కించుకుని వడ్డాది సంతకి తిప్పుతున్నావా? మీరందరూ బాగున్నారని తెలిస్తేనే నాకిక్కడ తిన్నది ఒంటపడుతుంది. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి గట్టిగా చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో కట్ చేసేస్తున్నావు కదరా. రావికమతం అప్పలనర్సమ్మ గారు సెలవు మీద వస్తున్నారు, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. ఖర్జూరాల పొట్లం అమ్మకి. ఈ కాగితాలు మాత్రం నీకే. అమ్మకి చదివి వినిపించకు, అనవసరంగా కంగారుపడుతుంది.

ఈ ఎడారి దేశంలో ఎండలు కాస్త తగ్గాయి. పొద్దున్నే బస్సు కోసం నిలబడితే చలిగాలి తగులుతోంది. నేను పనిచేసే లాండ్రీ లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే కాలం, ఆవిరి, ఉక్క. మెస్సులో పప్పుకి పులుపుండదు, కారానికి కారం ఉండదు. చింతపండు, ఊరమిరపకాయలు, కాస్త బెల్లం ఎవరైనా వస్తుంటే పంపు. ఉప్పుచేపలు మాత్రం వద్దు. పోయినసారివి వేయిస్తే పై అంతస్తు వాళ్ళు దిగివచ్చి ఏం చచ్చిందని అడిగారు. సెలవు రోజున అందరూ వాళ్ళ వాళ్ళ దేశాలతో ఫోన్లలో మాట్లాడుకుంటుంటే మేడ మీద ఒక్కదాన్నీ కూర్చుంటాను. అలవాటైపోయిందిలే, బాగానే ఉన్నాను.

నా పక్క బల్ల మీద పనిచేసే జైనబ్ గురించి ఎప్పుడూ చెప్పలేదు కదూ. మన పెద్దత్త వయసుంటుంది. నాది మడతల పని, ఆవిడది చిరుగులు కుట్టడం, ఊడిన గుండీలు వెయ్యడం. నాకొచ్చిన ముక్కల హిందీ, ఆవిడకొచ్చిన ముక్కల హిందీ, దాంతోనే నెట్టుకొస్తున్నాం. యుద్ధం జరిగిన దేశం మనిషి. ఏ దేశమో రాయను. దాని మీద బాంబులు వేసిన పెద్ద దేశం పేరూ రాయను, ఇక్కడ అలాంటివి కాగితం మీద పెట్టొద్దని వచ్చిన కొత్తలోనే చెప్పారు. ఆ పెద్ద దేశం నీకు తెలియనిదేమీ కాదు. దాని సైన్యం వీడియోలే కదా నువ్వు స్టేటస్ పెడుతుంటావు.

పోయిన నెల నుంచి మా లాండ్రీకి ఆ సైన్యం బట్టలు కూడా వస్తున్నాయి, ఆకుపచ్చ సంచుల్లో. మొదటి సంచి రాగానే జైనబ్ దాన్ని కాలితో నా బల్ల వైపు తోసింది. నా దుప్పట్లు తను తీసుకుంది. నాకూ గుండీలు వెయ్యడం వచ్చు కదా, సరేనన్నాను. ఆ గుడ్డ మందం, వయసు మీద పడ్డ మనిషి, వేళ్ళు నొప్పి కాబోలు అనుకున్నాను. అప్పటినుంచి అదే మా ఏర్పాటు.

ఇక హవల్దారు బాబాయి. మన రోలుగుంట ఆయనే. మన ఫౌజులో పనిచేసి రిటైరై, ఇక్కడ లాండ్రీ వ్యాన్ తోలుతున్నాడు. మన ఊరి మాట వినాలంటే నాకు ఆయనే దిక్కు. నీకు ఫౌజులో సెలక్షన్ వచ్చిందని చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఒక రోజు టీ వేళకి క్యాంటీను టీవీలో ఒక కేసు గురించి చూపించారు. ఏళ్ళ కిందట ఆ పెద్ద దేశం సైన్యం, పొలాల నుంచి ఇళ్ళకి పోతున్న జనం మీద బాంబు వేసిందట. శత్రువులన్నారు, కాదని తర్వాత తేలింది. ఇప్పుడు వాళ్ళ కోర్టు ఇందులో ఎవరి తప్పూ లేదని కేసు కొట్టేసింది. ఇక మా బల్ల దగ్గర వాదన మొదలైంది. ఇస్త్రీ చేసే బంగ్లా అమ్మాయి అందరినీ ఉరి తియ్యాలంది. బాబాయికి కోపమొచ్చింది. యుద్ధమంటే తెలియని వాళ్ళు మాట్లాడకూడదన్నాడు, ఆర్డరు వచ్చాక సిపాయి చెయ్యకపోతే వాడి పీక మీదకొస్తుందన్నాడు. తప్పని తేలాక కూడా ఎవరి తప్పూ లేదంటే ఎలా బాబాయ్ అని నేనడిగాను.

"పైనుండి సూస్తే గుంపు కనిపిస్తాదమ్మా, అంతే. పనికెల్లొస్తన్నారో, కొట్టడానికొస్తన్నారో ఎలా తెలుస్తాది?" అన్నాడు.

జైనబ్ గ్లాసు కింద పెట్టింది. "అది మా ఊరు కాదు. మా ఊరిది టీవీలో రాలేదు. కానీ కింద ఎవరుంటారో నాకు తెలుసు. కింద నేనున్నాను" అంది.

ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఒక ముసలాయన పోతే పలకరించడానికి అందరూ ఆ ఇంటి ముందు చేరారట. వచ్చిన వాళ్ళకి రొట్టెలు కాల్చడానికి ఈవిడ, కూతురు పక్క వీధికి వెళ్ళారు. భర్త, ఇద్దరు కొడుకులు చావింటి ముందు కూర్చున్నారు. పైనుంచి చూసిన వాళ్ళకి అది గుంపు, బాంబు వేశారు. వెనక్కి వచ్చేసరికి ఇల్లూ లేదు, వాళ్ళూ లేరు. అంతవరకే చెప్పి గ్లాసు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆకుపచ్చ సంచి ఎందుకు తోసేదో నాకప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే నీ స్టేటస్ చూశాను. మేడలు కూలుతున్నాయి, మంటలు లేస్తున్నాయి, పైన 'దెబ్బంటే ఇదీ' అని రాసి నవ్వే బొమ్మలు పెట్టావు. నేను ఫోన్ చేసి తీసెయ్యరా అంటే ఏమన్నావు? "నీకేటి తెలుసక్కా? యుద్ధమన్నాక అలాగే ఉంటాది. నువ్వు బట్టలుతుక్కో" అని కట్ చేశావు. ఆ మాటకి నాకు కోపం లేదు. ఉంది, ఎందుకు లేదు. కానీ కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. వచ్చే నెల ట్రైనింగుకి వెళ్తావు, నీ చేతికి తుపాకీ ఇస్తారు. ఫౌజుకి వెళ్ళొద్దని నేననడం లేదు. చీకటితో లేచి చోడవరం రోడ్డు మీద నువ్వెంత పరిగెత్తావో నాకు తెలుసు, నీ కాళ్ళకి నూనె రాసింది నేను కాదూ. ఆ నవ్వే బొమ్మలు మనసులో పెట్టుకుని వెళ్తావేమోనని నా భయం. అందుకే ఇంత రాస్తున్నాను.

మర్నాడు బాబాయి నా దగ్గరికొచ్చి, తెలిశాక పలకరించకపోతే తప్పమ్మా అన్నాడు. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడేమిటి అంటే, మనకి తెలిసింది ఇప్పుడే కదా అన్నాడు. సెలవు శుక్రవారమే, కానీ శుక్రవారం నాడు పలకరింపుకి వెళ్ళడమేమిటని గురువారం డ్యూటీ దిగగానే వచ్చాడు. నేనూ జైనబూ ఉండేది ఒకటే హాస్టల్, లోపలికి మగవాళ్ళని రానివ్వరు. వాకిట్లో చూడవచ్చిన వాళ్ళ కోసం బెంచీలుంటాయి, అక్కడ కూర్చున్నాం. జైనబ్ మమ్మల్ని చూసి లోపలికి పోయి టీ పెట్టి తెచ్చింది. చావు పలకరింపుకి వెళ్ళిన చోట మనవాళ్ళు ఏమీ ముట్టుకోరు కదా. బాబాయి వద్దని చెయ్యి అడ్డంపెట్టాడు, నేనూ తీసుకోలేదు. మన పద్ధతిలోనే తల వంచుకుని కూర్చున్నాం. కాసేపటికి బాబాయి లేచాడు. వెళ్ళొస్తానని చెప్పకూడదు కదా. మాట్లాడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. చెయ్యాల్సిన పని చేశామని నాకు మనసు కాస్త తేలికైంది.

శనివారం పనిలోకి వెళ్తే జైనబ్ నా ముఖం చూడలేదు. ఆకుపచ్చ సంచి రాగానే తనే లాక్కుంది. నేను పట్టుకోబోతే నా సాయం అక్కర్లేదన్నట్టు నా చెయ్యి తీసేసింది. ఆ చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని గుండీలు వెయ్యడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా సూదిలో దారం ఎక్కడం లేదు. నేను చూడలేకపోయానురా. ఏం తప్పు చేశామని కాళ్ళావేళ్ళా పడి అడిగాను. అప్పుడంది, మీ సిపాయి నన్ను చూడడానికి వచ్చాడు, చూశాడు, నా టీ ముట్టుకోలేదు, ఒక సలామైనా లేకుండా లేచి పోయాడు, సిపాయిలు ఏ దేశమైనా సిపాయిలే అని.

మన పద్ధతి ఆవిడకెలా తెలుస్తుంది? వాళ్ళలో ఇంటికొచ్చిన వాడు టీ తాగకపోతే ముఖాన కొట్టినట్టేనట. మా వైపు చావింట్లో ఏమీ తీసుకోరమ్మా, వెళ్తూ మళ్ళీ వస్తామని కూడా అనరు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఎందుకు అనరని అడిగింది. మళ్ళీ పలకరించడానికి రావాలంటే ఆ ఇంట్లో మళ్ళీ చావు జరగాలి కదా, అది కోరుకున్నట్టవుతుందని అన్నాను.

జైనబ్ సూది పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది. "బాంబు పడ్డ రోజు వాళ్ళ సైనికులు వచ్చి దుమ్ములో నిలబడి చూశారు. విచారణకి మళ్ళీ వస్తాం అని చెప్పి వెళ్ళారు" అంది.

"వచ్చారా?" అన్నాను.

"వచ్చారు. వాళ్ళు వచ్చాక మా వీధిలో మగపిల్లలు మిగల్లేదు" అంది. సంచిని మళ్ళీ నా వైపు తోసింది.

ఈ సంగతి చెబితే బాబాయి వ్యాన్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నన్ను తీసుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి పలకరింపుకి కాదు, టీ తాగడానికి వచ్చానని చెప్పమన్నాడు. ఆవిడ టీ తెస్తే రెండు చేతులా అందుకుని తాగాడు. ఫౌజులో అన్నేళ్ళు హిందీ మాట్లాడిన మనిషికి అప్పుడు హిందీ రాలేదు. మన మాటలో అంటుంటే నేను హిందీలో చెప్పాను.

"నాకు ఎన్నో ఆర్డర్లిచ్చేరమ్మా. అవతల ఎవులున్నారని నేనెప్పుడూ అడగలేదు. అడక్కపోయినా నా సేతుల మీద ఏ పాపం పడలేదు. అది నా గొప్ప కాదు, నా అదృష్టం. అడగాల, సిపాయైనోడు అడగాల" అన్నాడు.

అయినా సిపాయిలందరూ అలాంటి వాళ్ళు కాదమ్మా అని కూడా అన్నాడు, ఆయన పట్టు ఆయనది. జైనబ్ కాదనలేదు. వాళ్ళలోనే ఒకడు నా కూతురికి నీళ్ళు పట్టాడు, వాడూ ఆ చొక్కాయే వేసుకున్నాడు అంది. మిగిలింది ఆ కూతురొక్కతే. దాని కోసమే ఈ దేశంలో పనిచేస్తోంది.

అంతలో బాబాయి నోరు జారాడు. ఈ వరలక్ష్మి తమ్ముడు కూడా సిపాయి అవుతున్నాడని చెప్పేశాడు. ఆ మాట ఆవిడ చెవిన పడకూడదని ఎన్నాళ్ళనుంచో దాచుకుంటూ వస్తున్నాను. నీ స్టేటస్ సంగతి చెప్పలేదు, ఎప్పటికీ చెప్పను కూడా. జైనబ్ నా వైపు తిరిగి ఫొటో ఉందా అంది. లేదనలేకపోయాను. బనియనుతో, చెమటతో, వడ్డాది రోడ్డు మీద నవ్వుతున్న నీ ఫొటో తీసి ఇచ్చాను. ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడేమందో చివర్లో రాస్తాను.

ఉత్తరం చాలా పెద్దదైపోయింది. అప్పలనర్సమ్మ గారు సామాను సర్దుకుంటున్నారు, తొందరపెడుతున్నారు. అమ్మకీ నాన్నకీ నా దండాలు. పెద్దత్తకి కూడా దండాలు చెప్పు. మా గుంటని దగ్గరికి తీసుకుని అమ్మ ముద్దులంపిందని చెప్పు. నువ్వు ట్రైనింగుకి బయల్దేరే ముందు పెద్దవాళ్ళందరి కాళ్ళకీ దండం పెట్టుకుని వెళ్ళు. దూరాన ఉన్నదాన్ని, అక్షింతలు వెయ్యలేను. నీకు నేనివ్వాల్సిన దీవెన కంటే పెద్దది జైనబ్ ఇచ్చింది, అదే రాస్తున్నాను. నీ ఫొటో మీద చెయ్యి పెట్టి, "క్షేమంగా వెళ్ళి క్షేమంగా ఇంటికి రావాలి. ఇతను నడిచి వచ్చే దారిలో ఏ తల్లీ తన పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపు వేసుకోకూడదు" అంది.

నీ మేలు కోరే అక్క,
వరలక్ష్మి