కొబ్బరి చిప్ప తోమిందెవరు?

కూర్మారావు బావకు,

ఇక్కడ కిరందుల్‌లో అందరం కులాసా, ఒక్క మగచేప తప్ప.

మా అక్వేరియంలోని బుల్లి సిక్లిడ్ చేపల జంట కొబ్బరి చిప్ప లోపల గుడ్లు పెట్టిన సంగతి నీకు చెప్పానో లేదో గుర్తు లేదు. నువ్వు రైలెక్కిన మర్నాడు చూస్తే గుడ్లు లేవు. మగదే తిన్నదని అనుమానించి, దాన్ని ఊరగాయ సీసాలో బంధించాను.

తరువాత చిప్ప తీసి చూస్తే లోపలంతా నున్నగా తోమి ఉంది. చేప తింటే గుడ్లు పోతాయి గానీ నాచు పోదు కదా! అన్నట్టు, పోయినసారి వచ్చినప్పుడు మా దోసె పెనాన్ని కూడా పీచుపెట్టి తళతళా తోమిపెట్టావు. అట్టు ఇప్పటికీ పెనాన్ని వదలదు.

ఈ మాట ఎత్తగానే మీ చెల్లెలు ఎర్రమ్మ, "ఏటీ, గుడ్లు పోయినా మాయన్నియ్యేనా దొంగ?" అని లేచింది.

ఆడచేప, గుడ్లు కాసేటప్పటిలాగే ఒళ్లంతా పసుపుపచ్చగా చేసుకుని, ఖాళీ చిప్పకు ఇంకా కాపలా కాస్తోంది. మగది సీసాలోంచి నన్నే చూస్తోంది. గుడ్లు తిన్నది అదే అయితే మళ్లీ తొట్టిలో వేయలేను. తోమింది నువ్వేనని ఒక్క ముక్క రాస్తే వదిలేస్తాను.

నువ్వు కాదంటే ఇక ఈ ఇంట్లో అడగవలసింది మీ చెల్లెల్నే. నాకంత ధైర్యం లేదు. కాబట్టి బావా, దయచేసి తోమింది నువ్వే అయి ఉండు.