నోరు మెదపని దెయ్యం

డిసెంబరు 1, ఉదయం 6
నిర్ణయం తీసేసుకున్నా! అయిదు నిమిషాల దెయ్యం సినిమా తీస్తున్నా. ఒక్క మాట కూడా ఉండదు. భయమంతా చూపులో, తలుపు చప్పుడులో, తడి పాదాల గుర్తుల్లో. తాడేపల్లిగూడెంలో పోటీ, 20న. మాట వినిపిస్తే ఎంట్రీ అవుట్. ముప్పై నిండని వాళ్ళకే. నాకు 24న నిండుతాయి. ఇదే ఆఖరి ఛాన్సు.

డిసెంబరు 3
లొకేషన్: గణపవరం దగ్గర మా చేపల చెరువు గట్టు మీది కాపలా పాక. పొగమంచు ఉచితం.
హీరో: నా స్నేహితుడు శివాజీ.
దెయ్యం: మా మేనత్త వెంకాయమ్మ. తెల్లచీర, విరబోసిన జుట్టు. అద్దంలో చూసుకుని తనే జడుసుకుంది. అద్భుతం!

డిసెంబరు 6, ఉదయం 7
టేకు 1. శివాజీ వణుకుతూ తలుపు తోశాడు. మూలనున్న దెయ్యం మెల్లగా తలెత్తింది. నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.
"వచ్చావా నాయనా? ఏమన్నా తిన్నావా?" అంది దెయ్యం.
టేకు 6 దాకా ఇదే వరస. "గుమ్మంలోకొచ్చిన మనిషిని అడక్కుండా ఎలా ఉంటాం రా?" అని నన్నే తిట్టింది.
టేకు 7. అత్త పెదవులు బిగించింది. ఈసారి శివాజీ "తిన్నానండీ" అన్నాడు. అడగకపోయినా! అలవాటట.

డిసెంబరు 9
షూటింగు జరగలేదు. మంచు పడలేదు. చేపల మేత లారీ వచ్చి గట్టుకి అడ్డంగా నిలిచింది. శివాజీకి జలుబు. నా తప్పేం లేదు.

డిసెంబరు 15
టేకు 23. అత్త నోటినిండా నీళ్ళు పోశాను. మాట రాలేదు! కానీ అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టి, కనుబొమలెగరేసి అడిగింది. సైగ మాట కాదుగా? ఓకే చేసేశా.

డిసెంబరు 20, సాయంత్రం 5
హాలు నిండింది. మూడు నిమిషాలు జనం ఊపిరి బిగబట్టారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు మూసుకుంది. నా గుండె ఉప్పొంగింది. దెయ్యం తలెత్తింది. చెయ్యి నోటి దగ్గరకెళ్ళింది.
హాలు హాలంతా "తిన్నామండీ!"
జడ్జిగారైతే "ఇప్పుడేనండీ" అన్నారు. తర్వాత నా పేరు కొట్టేశారు. మాట వినిపించిందట!

డిసెంబరు 24
ముప్పై నిండాయి. ఏడుపొచ్చింది. "నావల్లే పోయింది రా" అని అత్త నాకంటే ఎక్కువ ఏడ్చింది.
సాయంత్రం 4: నిర్ణయం తీసేసుకున్నా! శివాజీకి ఇరవై ఆరే. వచ్చే ఏడాది డైరెక్టరు అతను, కెమెరా నాది. మాటా ఉండదు, సైగా ఉండదు. దెయ్యం చేతులు వెనక్కి కట్టేస్తాం. అత్త ఒప్పుకుంది. ఒక్కటే షరతు పెట్టింది. పాకలో ఓ పక్కన పీట వేసి, విస్తరి పరిచి ఉంచాలట.