పసుపు గాజుల పెంగ్విన్లు

బుధవారం, జహనుమా

రాక్‌హాపర్ పెంగ్విన్లు ఒకే మూలం నుంచి ఎలా చీలాయో చూపే మా చార్టుకు కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. పేరు మాత్రం కవిత ఒక్కదానిదే. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మాది!

నేను చాయ్ తెచ్చేసరికి జడ్జి సార్‌తో కవిత అంటోంది: "ఇవన్నీ ఒకటే జాతి అనుకునేటోళ్లు సార్. జన్యువులు చూసినంక విడదీసిన్రు. చార్టంతా నేనే చేసిన."

ఆ జన్యువుల మాటలు నిన్న నేను నేర్పినవే. పెంగ్విన్ల తలమీది పసుపు ఈకలకు గాజు ముక్కలు చాలకపోతే అమ్మ తన చేతి గాజులు తీసిచ్చింది. కవిత పక్కనే కూర్చుని చూసింది. నేనక్కడ ఇద్దరికీ చాయ్ అందించి పక్కకు జరిగాను.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది: "మన గాజులు చూసి సార్ ఏమన్నడే?"

"మస్తు మెచ్చుకున్నడమ్మా," అన్నాను. అది అబద్ధం కూడా కాదు.