అద్దం అవతల మూడో తొట్టె

సోమవారం

ప్రియమైన కబుర్ల పుట్టకి,

పెద్దాస్పత్రికి క్షేమంగా చేరాం. అంబులెన్సు వెనకభాగంలో పిల్లని పెట్టుకుని నర్సు కూర్చుంది. నన్ను ముందు డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. దారి పొడుగునా మెడ తిప్పి తిప్పి చూశాను గాని తెల్లగుడ్డ మూట తప్ప ఏమీ కనబడలేదు. పుట్టగానే ఊపిరి అందట్లేదని ఎత్తుకుపోయిన పిల్ల ముఖం నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఇక్కడి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నెల తక్కువ పిల్ల కదా, ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోతోందట. గొట్టం పెట్టారు. వారం గడిస్తే గాని ఏమీ చెప్పలేమంది.

లోపలికి ఎవర్నీ రానివ్వరు. పెద్ద అద్దం, దాని వెనక వరసగా ఆరు గాజు తొట్టెలు. పొద్దున పదింటికో పావుగంట, సాయంత్రం నాలుగింటికో పావుగంట బయట నిలబడి చూసుకోవాలి. "మా పాప ఏదండీ?" అని అడిగితే నర్సు తలుపు కాస్త తెరిచి, "ఎడమ నుంచి మూడోది" అనేసి మళ్ళీ మూసుకుంది. ఇంకొకడైతే అక్కడే బోల్తా పడేవాడు. ఆవిడ నాకు ఎదురుగా ఉంది గనక ఆవిడ ఎడమంటే నా కుడి. పదిహేనేళ్ళుగా రబ్బరు స్టాంపుల మీద అక్షరాలు తిరగేసి చెక్కుతున్నవాడికి ఆ మాత్రం తెలియదా! కుడి నుంచి మూడోదాన్ని చూసుకున్నాను. ముఖం నిండా టోపీ, ముక్కులో గొట్టం, అయినా కాళ్ళు ఆడిస్తోంది.

రోజూ మధ్యాహ్నం ఈ అంబులెన్సు రక్తం సీసాల కోసం ఇక్కడికి వస్తుందట. ఉత్తరాలు తెచ్చిపెడతానని డ్రైవరు మాటిచ్చాడు. జ్వరం తగ్గిందా?

ఇట్లు,
నీ తిరకాసు మొగుడు

మంగళవారం

ప్రియమైన తిరకాసు గారికి,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతారు. కాళ్ళు ఆడిస్తోందన్న చోట కాగితం నలిగిపోయింది.

నా జ్వరం అలాగే ఉంది. కుట్లకి చీము పట్టిందట, మంచం దిగడానికి వీల్లేదంటున్నారు. ఫోను ఆఫీసు గదిలో ఉంది, డాక్టర్లకి తప్ప ఇవ్వరు. వార్డులో పదిమందిమి. తొమ్మిది మంచాల పక్కన తొమ్మిది ఉయ్యాలలు. నా మంచం పక్కన కూడా ఒకటి పెట్టారు, తీసేయడం ఎవరికీ గుర్తు లేదు. వాళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళు వరసగా పలకరించుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, "పాప ఏదమ్మా?" అంటారు. చెప్పగానే చప్పున ముఖం తిప్పుకుని వెళ్ళిపోతారు. పాలు పడ్డాయి. తాగేవాళ్ళు లేరు. పిండి పారబోయమని ఆయమ్మ గిన్నె ఇచ్చింది. పారబోస్తుంటే ఏడుపొచ్చింది.

మా అమ్మో, అత్తయ్యగారో బతికుంటే ఇంత ఒంటరిగా ఉండేదాన్నా అనిపిస్తోంది. సరేలెండి. ముఖం ఎవరి పోలికో రాయండి. మీ చెవులు రాకపోతే చాలు.

ఉంటాను,
మీ కబుర్ల పుట్ట

బుధవారం

ప్రియమైన కబుర్ల పుట్టకి,

నా చెవుల మీద నీ కన్ను ఎప్పుడూ ఉన్నదే. టోపీ కింద చెవులు కనబడలేదు గాని, ముక్కు మాత్రం అచ్చం నీదే. చివర కొంచెం పైకి లేచిన ముక్కు, కోపమొస్తే ఇంకాస్త లేస్తుందే, అదే.

మన పిల్లకి అప్పుడే అభిమానులు తయారయ్యారు! నా పక్కనే ఒక బస్సు కండక్టరు నిలబడతాడు, ఖాకీ చొక్కాతో డ్యూటీ నుంచి నేరుగా వస్తాడు. కళ్ళన్నీ మనదాని మీదే. వాళ్ళ పిల్ల ఏ తొట్టెలో ఉందో గాని, మనదాన్ని చూసి మురిసిపోతుంటాడు. నేను నవ్వుతాను, అతనూ నవ్వుతాడు. మాట కలపడం నాకెక్కడ చేతనవును?

ఒకటి మాత్రం మనసుకి కష్టంగా ఉంది. మనదానికి ఎడమ పక్క తొట్టెలో ఒక పిల్ల ఉంది. కదలదు. పిడికెడంత ప్రాణం, దాని చుట్టూ ఎన్ని వైర్లో. మిగతా పిల్లలకి ఎవరో ఒకరు వస్తారు. ఆ పిల్ల కోసం ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. ఎవరు కన్నారో, ఎక్కడున్నారో.

నేను పడుకునేది వరండా బల్ల మీద. ఇంతమంది మధ్య నాతో మాట్లాడే మనిషి లేడు. నువ్వుంటే ఈపాటికి ఆస్పత్రి మొత్తం నీకు చుట్టాలయ్యేవాళ్ళు.

ఇట్లు,
నీ తిరకాసు

గురువారం

ప్రియమైన తిరకాసు గారికి,

నా ముక్కు వచ్చిందని ఆయమ్మకి చెప్పాను. "అయ్యో పాపం పిల్ల" అంది. మూడు రోజుల తర్వాత నవ్వాను.

ఆ పక్క తొట్టె పిల్ల నా కళ్ళ ముందే ఉంటోందండీ. తనకోసం వచ్చేవాళ్ళు లేక అది, ఎత్తుకోవడానికి పిల్ల లేక ఇక్కడ నేను. నా మాటగా రోజూ ఆ పిల్లని పలకరించండి. పైకి వినబడకపోయినా ఫర్వాలేదు, "అమ్మ నిన్ను అడిగింది" అనండి. ఏ అమ్మయితేనేం? కానీ మన పిల్ల వాటాలోంచి తీసి ఇవ్వకండి, అదనంగా ఇవ్వండి.

మీ కబుర్ల పుట్ట

శుక్రవారం

ప్రియమైన కబుర్ల పుట్టకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ పిల్లకి ఎదురుగా నిలబడి ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు తట్టి, "అమ్మ నిన్ను అడిగింది" అన్నాను. నా గొంతు వింటే నాకే సిగ్గేసింది.

నిన్న సాయంత్రం సంగతి చెప్పాలి. నాలుగింటికి వెళ్ళేసరికి ఆ పిల్ల తొట్టె చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. డాక్టరమ్మ రెండు వేళ్ళతో దాని ఛాతీ నొక్కుతోంది. పావుగంటా నేను అక్కడే ఉండిపోయాను. తప్పుగా అనుకోకు, మన పిల్లకేసి ఒక్కసారి కూడా చూడలేదు. "పోకమ్మా, పోకు" అంటూనే ఉన్నాను. చివరికి డాక్టరమ్మ నడుం నిటారు చేసుకుంది. బతికింది.

తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి నాతో, "మీ పాపకి ఇవాళ గండం గడిచింది, కానీ ఇంకా నమ్మకం చెప్పలేను" అంది. నాకు నవ్వొచ్చింది. మనది హాయిగా కాళ్ళు తన్నుకుంటుంటే గండమేమిటి! ఆవిడ కాగితాలు చూసి మాట్లాడుతుంది, నేను పిల్లని చూసి మాట్లాడుతున్నాను. నువ్వు బెంగ పెట్టుకోకు.

ఇట్లు,
నీ తిరకాసు

ఆదివారం

ఏమండీ,

నిన్న డ్రైవరు ఒట్టి చేతులతో వచ్చాడు. "సారు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నారమ్మా. ఉత్తరమేదీ అంటే లేదని చెయ్యి ఊపారు" అన్నాడు. నా ముఖం చూడలేక వెళ్ళిపోయాడు.

ఇవాళ సెలవు. అంబులెన్సు రాదు, ఆఫీసు గదికి తాళం. ఈ కాగితం తీసుకెళ్ళేవాళ్ళు లేరని తెలిసీ రాస్తున్నాను. ఆయమ్మ పొద్దున వచ్చి నా పక్కనున్న ఉయ్యాల తీసుకుపోబోయింది. ఇంకెవరికో కావాలట. ఇవ్వనని రెండు చేతులతో పట్టుకున్నాను. కుట్ల దగ్గర రక్తం వచ్చింది.

పోయిందా? ఆ ఒక్క మాట రాయండి చాలు. మీరు రాయకపోతే మాత్రం నేను బతకలేను. నా ముక్కుతో పుట్టిన పిల్లని నేను ఒక్కసారీ చూడలేదండీ.

నేను

సోమవారం

నా ప్రియమైన కబుర్ల పుట్టకి,

ముందు ఇది చదువు. మన పిల్ల బతికే ఉంది. శనివారం మధ్యాహ్నం గొట్టం తీసేశారు. సొంతంగా ఊపిరి పీలుస్తోంది. డ్రైవరు నీ ఉత్తరం ఇప్పుడే ఇచ్చాడు, బండి ఆపుకుని నిలబడ్డాడు. నిన్ను రెండు రోజులు అలా ఏడిపించినందుకు నన్ను ఏం చేసినా పాపం లేదు.

శనివారం పదింటికి వెళ్ళేసరికి కుడి నుంచి మూడో తొట్టె ఖాళీ. పరుపు కూడా తీసేశారు. అడగడానికి నాకు నోరు రాలేదు. మెట్ల మీదికొచ్చి కూలబడ్డాను. డ్రైవరు వచ్చి వెళ్ళాడు. నీకు ఏమని రాయను?

రెండింటికి ఆ కండక్టరు మెట్లు దిగివచ్చాడు, వెనక అతని భార్య, ఆవిడ చేతుల్లో పిల్ల. నన్ను చూసి ఆగాడు. "రోజూ మా పాపని ఎంత ప్రేమగా చూసేవారండీ! ఇంటికి తీసుకెళుతున్నాం, ఒక్కసారి ఎత్తుకోండి" అని తీసి నా చేతుల్లో పెట్టాడు. పైకి లేచిన ముక్కు. తలెత్తి చూస్తే అతనిదీ అదే ముక్కు.

పిల్లని వాళ్ళకి ఇచ్చేసి ఒక్క పరుగున పైకి వెళ్ళాను. "ఎడమ నుంచి మూడోదన్నారు కదండీ!" అని అరిచాను. "అవును, మీ ఎడమే. బయట నిలబడ్డవాళ్ళకి వాళ్ళ ఎడమే చెబుతాం" అంది నర్సు. "మీరు మొన్నటి నుంచీ ఆ తొట్టె ఎదురుగానే నిలబడి అద్దం తడుతున్నారుగా, గుర్తుపట్టారనే అనుకున్నాం."

అందరికీ సూటిగా అర్థమయ్యే మాటని నేను తిరగేసుకున్నాను. ఎవరూ రాని పిల్ల మన పిల్లే. గురువారం పావుగంటసేపు పోవద్దని బతిమాలుకున్నది మన పిల్లనే. ఎవరో అమ్మ తరఫున అనుకుంటూ నువ్వు పంపిన పలకరింపు పంపినట్టే దానికి చేరింది. నువ్వు ఆ మాట రాయకపోతే నేను దాన్ని అయ్యో పాపం అనుకుంటూ ఊరుకునేవాణ్ణి. నా కూతురి ఎదుట వారం రోజులు పరాయివాడిలా నిలబడ్డాను.

చేతులు కడిగించి, ఉంగరం తీయించి లోపలికి పంపారు. గోరుతో గాజు మీద రెండుసార్లు తట్టాను. కళ్ళు తెరిచింది. ముక్కు ఎవరిదో ఇంకా తెలియడం లేదు. చెవులు మాత్రం నావే, క్షమించు.

ఆ ఉయ్యాల ఎవరికీ ఇవ్వకు. జ్వరం తగ్గితే గురువారం నిన్ను ఈ అంబులెన్సులోనే పంపుతారని డ్రైవరు కనుక్కున్నాడు. నేను గుమ్మంలోనే ఉంటాను, ఒకవేళ కనబడకపోతే నేరుగా అద్దం దగ్గరికి వెళ్ళు. ఎవర్నీ అడగక్కర్లేదు. ఎడమ నుంచి మూడోది. నీ ఎడమే.

ఇట్లు,
మీ ఇద్దరి తిరకాసు