నా గోడ మీద నా చావు

హెల్విన్ రేవు,
సోమవారం

పట్టణ చరిత్ర సంఘం కార్యదర్శి ఎల్వెడ్ రీస్ గారికి,

నమస్కారం. నిన్న నేను ఛాపెల్‌లో ప్రార్థనకి వెళ్లొచ్చేలోగా మీవాళ్లు మా ఇంటి గోడకి రాతిపలక బిగించి పోయారు. "లోకంలోని ఇళ్ల కప్పులకు రాతిపలకలు పంపిన రేవు మనది. మన క్వారీలో రాయిని పలకలుగా చీల్చిన ఆఖరి పనివాడు ఇద్వల్ గ్రిఫిత్ ఈ ఇంట్లో ఉండేవాడు. క్వారీ మూతపడ్డ ఏడాదే మరణించాడు" అని చెక్కి ఉంది. రాయి మంచిదే. చావు సంగతే తప్పు. శనివారం ఆవిష్కరణలోపు తీసేయండి.

ఇట్లు,
ఇద్వల్ గ్రిఫిత్

తా.క. లోకం కప్పుల మాట దేవుడెరుగు, మా కప్పు కారుతోంది.

మంగళవారం

కీర్తిశేషులు ఇద్వల్ గారి కుటుంబానికి,

మీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. తాతగారి పేరే పెట్టుకున్నారంటే ఆయనంటే మీకెంత అభిమానమో తెలుస్తోంది. మీ దుఃఖం అర్థమైంది. పలక మాత్రం తీయలేం.

భవదీయుడు,
ఎల్వెడ్ రీస్

తా.క. ఆయన ఉలి, కొయ్యసుత్తి మా మ్యూజియానికి ఇప్పించండి. ఆయనకిక వాటితో పనిలేదు కదా.

బుధవారం

రీస్ గారికి,

తాతా లేడు, మనవడూ లేడు. ఆ ఇద్వల్‌ని నేనే. పక్కింటి బ్రాన్వెన్ నా సంస్మరణకని ఎండుద్రాక్ష రొట్టె చేసి, నా ఎదుటే ఊరందరికీ పంచింది. ఓ ముక్క అడిగితే, "నీకెందుకయ్యా, ఇది నీకోసం చేసింది" అంది.

ఆకలితో,
ఇద్వల్

తా.క. మా కిటికీ కింద ఛాపెల్ గాయకబృందం నాకోసం శోకగీతం సాధన చేస్తోంది. అందులో బొంగురు గొంతు నాదే. వాళ్లకి ఇంకెవరూ దొరకలేదట.

గురువారం

ఇద్వల్ గారికి,

మీరు బతికున్నందుకు సంఘం హర్షం ప్రకటించింది. ఒక సభ్యుడు తటస్థంగా ఉన్నారు. అయితే రాతి మీద చెక్కింది మార్చడం కుదరదు. మంత్రిగారు వస్తున్నారు. పైగా క్వారీతోపాటే మనిషీ పోవడం చరిత్రకి చక్కగా అతుకుతుంది. కాస్త సర్దుకోండి. శనివారం ఇంట్లోనే ఉండి, కిటికీ దగ్గరికి రాకండి.

మీ క్షేమం కోరే,
రీస్

తా.క. పలకకి తెర కట్టించాం. దాన్ని ముట్టుకోవద్దని మనవి.

శుక్రవారం

రీస్ గారికి,

ముట్టుకున్నాను. మన రాయి గుణం మీకు తెలియంది కాదు, పొర చూసి ఉలి పెడితే పుస్తకంలా విడిపోతుంది. మీరడిగిన పనిముట్లు మ్యూజియానికి ఇచ్చేముందు ఓసారి వాడాను. నా చావున్న ముందుపొర దీంతో పంపుతున్నాను, వేడి గిన్నె కింద పెట్టుకోండి. గోడ మీద మిగిలిన పొర బోసిగా ఉందని నేనే చెక్కాను: "చరిత్ర సంఘం కార్యదర్శి ఎల్వెడ్ రీస్ చరిత్ర రాస్తూ రాస్తూ ఈ వారమే కన్నుమూశారు."

మీరు బతికున్నందుకు నాకూ హర్షమే. కానీ చెక్కింది మార్చడం కుదరదు. మంత్రిగారు వస్తున్నారు. కాస్త సర్దుకోండి. రేపు ఇంట్లోనే ఉండి, కిటికీ దగ్గరికి రాకండి.

ఇంకా ఈ ఇంట్లోనే ఉంటున్న,
ఇద్వల్

తా.క. మీ ఆవిడని పరామర్శించి వచ్చాను. ధైర్యంగానే ఉన్నారు. రొట్టెకి పిండి కలుపుతున్నారు. మీకు పెట్టరు.