అవ్వకు తలస్నానం

ఫిబ్రవరి 5, గురువారం

కాలేజీ డిబేట్‌లో నాకు అనుకూల పక్షం వచ్చింది. నయం కాని రోగి కోరితే, డాక్టరు సాయంతో చనిపోవడానికి చట్టం ఒప్పుకోవాలా? సుగన్య మిస్ చీటీలు తీయించారు. తీయించకపోయినా నేను ఇదే అడిగేదాన్ని. అవ్వ తుంటి ఎముక విరిగి మంచం పట్టి ఐదు నెలలైంది. పక్కకి తిప్పినప్పుడల్లా దుప్పటి అంచు కొరుకుతుంది, అరవదు.

ఈ వారం దొరికిన మాట: సమ్మతి. పెదవులు కలిస్తే గాని పలకదు.

ఫిబ్రవరి 10

స్పీచ్‌కి మొదటి వాక్యం దొరికింది. “అడగాలి, ఆమె చెప్పాలి, అంతే చాలు.” పదిసార్లు చదువుకున్నాను.

ఎదుటి పక్షం హరిహరన్. మన ఇళ్ళలో ముసలివాళ్ళు మంచినీళ్ళు అడగడానికే మొహమాటపడతారు, చావు మాత్రం నోరు తెరిచి అడుగుతారా అని క్యాంటీన్‌లో ఎగతాళి చేశాడు. సీరియల్ డైలాగులు ఆపమన్నాను. అందరూ నవ్వారు.

ఫిబ్రవరి 13, శుక్రవారం, ఉదయం 11

కాలేజీ లేదు. అమ్మ బ్యాండేజీ మిల్లుకి వెళ్ళింది. తల దురదగా ఉందని అవ్వ నిన్న అంది కదా, నువ్వుల నూనె వెచ్చబెట్టాను. ఎండ ఎక్కువగా ఉందని ఎళనీరు తాగుతుందని లేత కొబ్బరికాయలు రెండు కొట్టించుకొచ్చి మంచం పక్కన పెట్టాను.

అవ్వ నూనె గిన్నెను చూసింది, కాయలను చూసింది.

“ఎవురు చెప్పినారు పాపా, మీ నాయనా?”

ఎవరూ చెప్పలేదు, నాకే తోచిందన్నాను. నా చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుంది.

“సరే. నీళ్ళు మాత్రం చల్లవి వద్దు. వెన్నీళ్ళు పొయ్యి. నాకు చలి తట్టదు.”

నూనె మాడుకి బాగా పట్టించాను. కళ్ళు మూసుకునే ఉంది.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం, ఇంకా నీళ్ళు పోయకముందే అమ్మ వచ్చింది. నూనె, కాయలు చూసి నన్ను వంటింట్లోకి ఈడ్చుకెళ్ళి చెప్పింది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పాతరోజుల్లో మంచం పట్టినవాళ్ళు ఎంతకీ పోకపోతే, తెల్లవారుజామున తలనిండా నూనె అంటి, చన్నీళ్ళు పోసి, గ్లాసు మీద గ్లాసు ఎళనీరు తాగించేవారట. జ్వరం వచ్చి, రెండు రోజుల్లో అయిపోయేదట. చంపడమని ఎవరూ అనేవారు కాదట. అవ్వ తన అత్తకు గ్లాసు పట్టిందట.

అవ్వ దగ్గరికి పరుగెత్తాను. వట్టి తలస్నానమే అవ్వా అన్నాను. ఓహో, అట్లనా అంది. గోడవైపు తిరిగింది. తనంతట తానే తిరిగింది. దుప్పటి కొరకలేదు.

ఊపిరి పీల్చుకుందో, నిరాశపడిందో నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 16

అవ్వ రెండు ఇడ్లీలు తింది. స్పీచ్ ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 19, గురువారం

మాట్లాడాను. ఎవరూ అడగకముందే సరే అనేసే మనిషిని ఏం చేస్తావని హరిహరన్ అడిగాడు. ఇద్దరు డాక్టర్లు, కౌన్సిలర్, పదిహేను రోజుల గడువు, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు. తడబడకుండా చెప్పాను. చప్పట్లు. ఫస్ట్ ప్రైజ్.

ఆ జవాబులో తప్పేమీ లేదు. ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ దానిలో మా అవ్వ ఎక్కడా పట్టలేదు.

కప్పు బీరువాలో బట్టల కింద పెట్టాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం, ఉదయం 7

అవ్వ కొప్పు విప్పి ఉంది. అమ్మ విప్పలేదట.

నన్నే చూస్తోంది. ఏ స్నానానికని నేను అడగలేదు.

వెన్నీళ్ళు పెట్టాను.